నలభై ఏళ్ళు దాచాల్సిన కాగితం

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అహ్మదాబాద్‌కి చెందిన కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ 1986లో వేసిన పిటిషన్ మీద వచ్చిన తీర్పు అది. కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పిన కేసుగా లా చదివేవాళ్ళకి పరిచయమే. రాసింది జస్టిస్ కె. రామస్వామి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన న్యాయమూర్తి. నన్ను పట్టుకున్నది మాత్రం అందులోని పెద్ద మాటలు కావు. చివర్లో ఉన్న ఆదేశాల్లో మొట్టమొదటిది, అచ్చం గుమాస్తా భాషలో ఉన్న ఒక వాక్యం. ఆస్బెస్టాస్‌తో పనిచేసే ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ అతను పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, రెండిట్లో ఏది తర్వాత ముగిస్తే అప్పటిదాకా దాచి ఉంచాలి.

మన దగ్గర పదేళ్ళ కిందటి అద్దె అగ్రిమెంటే దొరకదు. అలాంటి చోట ఒక కూలీ ఛాతీ ఎక్స్‌రేని 40 ఏళ్ళు భద్రంగా పెట్టమని కోర్టు ఎందుకు అడిగినట్టు? జవాబు ఆ పదార్థం స్వభావంలోనే ఉంది. ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చిన రోజుకీ, దానివల్ల క్యాన్సర్ బయటపడే రోజుకీ మధ్య 20, 30, ఒక్కోసారి 40 ఏళ్ళు గడుస్తాయి. ఈలోగా ఫ్యాక్టరీ చేతులు మారుతుంది. మేనేజర్లు రిటైరవుతారు. కూలీ సొంతూరు చేరుకుంటాడు. అప్పుడు మొదలైన ఆయాసాన్ని ఎప్పటిదో పాత పనితో కలిపే దారం కాగితం ఒక్కటే. ఆస్బెస్టాస్ మీద వందేళ్ళుగా వస్తున్న చట్టాల గురించి చదువుతున్నకొద్దీ నాకు ఒకటే అనిపించింది: ఎక్కడెక్కడ ఆ కాగితం ఎవరో ఒకరి దగ్గర మిగిలిందో అక్కడక్కడే చట్టం కదిలింది.

తెలుగులో దీనికి రాతినార అనే పేరుంది. ఎవరు పెట్టారో గానీ, ఇంత సరైన పేరు ఇంగ్లీషులో కూడా లేదు. నిజంగానే అది రాయి; విడదీస్తే నారలా, దూదిలా వస్తుంది. వడకొచ్చు, నేయొచ్చు. కాలదు, కుళ్ళదు. సిమెంటులో పదో వంతు కలిపితే పల్చగా, గట్టిగా రేకు తయారవుతుంది. వాడుకలో మాత్రం రాతినార నిలవలేదు, 'సిమెంటు రేకు' నిలిచింది. అందులో నార ఉందన్న సంగతే ఆ పేరులోంచి జారిపోయింది. హైదరాబాద్‌లో ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ 1946లో మొదలైంది. సనత్‌నగర్ ఫ్యాక్టరీ, చార్మినార్ బ్రాండు రేకులు మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. నగరంలో ఆస్బెస్టాస్ పేరుతో ఏకంగా కాలనీలే ఉన్నాయి. ఇప్పుడు అక్కడ ఫ్లాట్లు కొనుక్కునేవాళ్ళు ఆ పేరు గురించి ఏమనుకుంటారో అని నాకెప్పుడూ కుతూహలం.

రేకును తిట్టడం తేలిక. కానీ దానికి ముందున్నది పూరిగుడిసె. ఎండాకాలం వచ్చిందంటే ఒక పొయ్యి లోంచి లేచిన నిప్పురవ్వ పేటంతా బూడిద చేసిన వార్తలు తెలుగు పేపర్లలో ఏటా వచ్చేవి. ఏడాదికో రెండేళ్ళకో తాటాకు మార్చే ఖర్చు సరేసరి. రేకుల ఇల్లు కట్టుకున్న కుటుంబానికి అది ఒక మెట్టు పైకెక్కడం. మా బంధువుల్లోనే అలా ఎక్కినవాళ్ళున్నారు. మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చోలేం, ఉడికిపోతాం. అయినా ఆ ఇల్లంటే వాళ్ళకి గర్వమే. చవగ్గా, నిప్పంటుకోకుండా ఉండే వస్తువును ఎవరూ ఊరికే వదులుకోరు. ఈ విషయంలో బ్రిటన్, అమెరికా కూడా మనకన్నా తొందరపడిందేమీ లేదు.

బ్రిటన్‌లో కథ రోచ్‌డేల్ అనే మిల్లుల ఊరి నుంచి మొదలుపెట్టాలి. నెల్లీ కెర్షా అక్కడ ఆస్బెస్టాస్ నార వడికే పని చేసేది. 1924లో, 33 ఏళ్ళకి చనిపోయింది. ఆమెకి వచ్చింది ఆస్బెస్టాస్ వల్ల వచ్చిన జబ్బేనని స్థానిక డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. అయినా లాభం లేకపోయింది, ఎందుకంటే పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల అధికారిక జాబితాలో ఆ పేరే లేదు. కంపెనీ పైసా ఇవ్వలేదు, అంత్యక్రియల ఖర్చు కూడా. విలియం కుక్ అనే డాక్టరు ఆమె ఊపిరితిత్తుల్లో కనిపించినదాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. మూడేళ్ళ తర్వాత ఆ జబ్బుకి ఆస్బెస్టోసిస్ అనే పేరు స్థిరపడింది.

పేరు వచ్చాక ప్రభుత్వం లెక్క తీయించింది. మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు 363 మంది కార్మికుల్ని పరీక్షించి 1930లో రిపోర్టు ఇచ్చారు. నాలుగోవంతు మందికి పైగా ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. 20 ఏళ్ళకి మించి పనిచేసినవాళ్ళలో అయితే ప్రతి ఐదుగురిలో నలుగురికి. గమనించారా, ఈ లెక్కకి ప్రాణం 'ఎన్నేళ్ళు పనిచేశారు' అన్న ప్రశ్నే. అది తెలియకపోతే ఆ 363 మంది ఒక సగటు అంకెలో కలిసిపోయేవాళ్ళు. 1931లో నిబంధనలు వచ్చాయి: దుమ్ము లాగే యంత్రాలు, వైద్య పరీక్షలు, పరిహారం. ప్రపంచంలో ఆస్బెస్టాస్ మీద వచ్చిన మొదటి చట్టబద్ధమైన అదుపు అదే అని చెప్పొచ్చు. కానీ అది ఫ్యాక్టరీలోని కొన్ని రకాల పనులకే వర్తించింది. ఆ సరుకుని రేవులో మోసినవాళ్ళు, ఓడల్లో పైపులకి చుట్టినవాళ్ళు, ఇళ్ళల్లో బిగించినవాళ్ళు లెక్కలోకి రాలేదు.

1955లో రిచర్డ్ డోల్ అదే రోచ్‌డేల్ ఫ్యాక్టరీలో కనీసం 20 ఏళ్ళు పనిచేసిన 113 మంది మగవాళ్ళ వివరాలు చూశాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మామూలుగా ఒక్కరు కూడా పోనక్కర్లేని చోట 11 మంది పోయారు. ప్రచురించొద్దని కంపెనీ ఒత్తిడి తెచ్చింది. డోల్ ప్రచురించాడు. ఆ రికార్డులు కంపెనీవే, చూడమని పిలిచింది కంపెనీ డాక్టరే. కాగితం ఎవరి బీరువాలో ఉందో వాళ్ళు దాన్ని మూసేసే ప్రయత్నం కూడా చేస్తారన్నమాట.

దీనికి సరిగ్గా ఎదురుగా న్యూయార్క్ కథ నిలబడుతుంది. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం అది. ఇర్వింగ్ సెలికాఫ్ అనే డాక్టరు ఆస్బెస్టాస్ ఇన్సులేషన్ పనివాళ్ళ మరణాల లెక్క తీయాలనుకున్నాడు. ఈ పనివాళ్ళకి ఫ్యాక్టరీ అంటూ ఉండదు. ఈ నెల ఒక కాంట్రాక్టరు దగ్గర స్కూలు బిల్డింగు, వచ్చే నెల ఇంకొకరి దగ్గర పవర్ ప్లాంటు. ఏ కంపెనీ రిజిస్టర్లోనూ వాళ్ళ జీవితం మొత్తంగా ఉండదు. అందుకని ఆయన కంపెనీల తలుపు కాకుండా యూనియన్ తలుపు తట్టాడు. యూనియన్ దగ్గర సభ్యుల జాబితాలున్నాయి: ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు. 1942 చివరికి రోల్స్‌లో ఉన్న 632 మంది పేర్లు తీసుకుని, 1962 దాకా ఒక్కొక్కరికీ ఏమైందో వెతికారు. 255 మంది చనిపోయారు. వాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్, దాని చుట్టూ ఉండే పొర క్యాన్సర్ కలిపి 45 మంది. మామూలు జనంలో అయితే ఆరేడుగురు ఉండాలి.

చందాలు కట్టించుకోవడానికి పెట్టుకున్న జాబితా అది. దాన్ని రాసిన యూనియన్ గుమాస్తాకి క్యాన్సర్ సంగతి ఏం తెలుసు? అయినా 1964లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఆ వ్యాసం వచ్చాక, దేశంలో ఆస్బెస్టాస్ చర్చ దిశ మారిపోయింది. ఫ్యాక్టరీ బయట పనిచేసేవాళ్ళకి ప్రమాదం లేదనే వాదన నిలబడలేదు. 1970లో కార్మిక భద్రతా చట్టం వచ్చింది, 1972లో గాలిలో ఎన్ని పోగులు ఉండొచ్చో ఆస్బెస్టాస్‌కి పరిమితి పెట్టారు. ఘన సెంటీమీటరుకి 5 పోగులతో మొదలై, 1976లో 2కి, 1986లో 0.2కి, 1994లో 0.1కి దిగింది. ప్రతి మెట్టు దగ్గరా, మొదటి అంకె సురక్షితం అని నమ్మి ఊపిరి పీల్చినవాళ్ళు వెనక మిగిలిపోయారు. వైద్య రికార్డుల సంగతి కూడా ఆ నియమాల్లో ఉంది: ఉద్యోగం చేసినంత కాలం, ఆ పైన ఇంకో 30 ఏళ్ళు.

ఏ రిజిస్టరూ లేని చోట ఏం చేశారు? జనం జ్ఞాపకాన్ని అడిగారు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఇంకో ఇద్దరు డాక్టర్లు మెసోథెలియోమా అనే చాలా అరుదైన క్యాన్సర్ 33 మందిలో కనిపించిందని రాశారు. ఊపిరితిత్తుల మీది పొరకి వచ్చే క్యాన్సర్ అది. ఎక్కడ పుట్టారు, చిన్నప్పుడు ఎక్కడ పెరిగారు అని అడుగుతూ పోతే, ఒక్కరు తప్ప అందరికీ కేప్ ప్రాంతపు నీలి ఆస్బెస్టాస్‌తో ఏదో ఒక సంబంధం తేలింది. అందరూ గని కార్మికులు కారు. గని పక్కన పెరిగిన పిల్లలు కూడా ఉన్నారు.

1965లో లండన్‌లో మురియెల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అదే పద్ధతిలో 76 మంది రోగుల గతాన్ని తవ్వారు. 40 మంది ఆస్బెస్టాస్ పని చేసినవాళ్ళు, లేదా ఆ పని చేసేవాళ్ళతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు. ఇంట్లో ఉండటం అంటే ఏమిటో మనకి విడమరచి చెప్పక్కర్లేదు. దుమ్ము పట్టిన చొక్కా ఎవరు దులుపుతారు, ఎవరు ఉతుకుతారు? మిగిలిన 36 మందిలో 11 మంది ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీకి అర మైలు లోపల కాపురం ఉన్నవాళ్ళు. 1931 నిబంధనలు గీసిన గీత ఫ్యాక్టరీ లోపల కొన్ని యంత్రాల చుట్టూ ఉంది. నార ఎప్పుడో గేటు దాటి వీధిలోకి వచ్చేసింది.

వీధి దాటి దుకాణంలోకి వచ్చిన సందర్భం ఇంకోటుంది, దాదాపు జోకులా ఉంటుంది. 1952 నుంచి 1956 దాకా అమెరికాలో కెంట్ సిగరెట్లు 'మైక్రోనైట్' అనే ఫిల్టరుతో అమ్మారు. ఆరోగ్యానికి రక్షణ అన్నది దాని ప్రచారం. ఆ ఫిల్టర్లో ఉన్నది నీలి ఆస్బెస్టాస్, అన్ని రకాల్లోకీ ప్రమాదకరమైనది. ఆ ఫిల్టరు గుడ్డ తయారుచేసిన మసాచుసెట్స్ మిల్లులో 1953లో పనిచేసిన 33 మంది పేర్లు దొరికాయి కాబట్టి వాళ్ళ లెక్క 1989లో తేలింది: సగటున ఎనిమిది మరణాలు ఉండాల్సిన చోట 28. మరి ఆ సిగరెట్లు కొని తాగినవాళ్ళ సంగతి? వాళ్ళ జాబితా ఏ షాపు దగ్గరుంటుంది? కొనేవాడికి మస్టర్ రోల్ ఉండదు. అందుకే ఇంట్లో వాడే వస్తువుల విషయంలో పరిమితి పెట్టి, రికార్డులు రాసుకుందాం అనే పద్ధతి పనికిరాదని నేననుకుంటాను. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంఘం 1977లో గోడల పగుళ్ళు పూడ్చే ఆస్బెస్టాస్ పేస్టునీ, అలంకారపు పొయ్యిల్లో వేసే ఆస్బెస్టాస్ బూడిదనీ అసలు అమ్మకూడదంది. పరిమితి కాదు, నిషేధం.

మొత్తం నిషేధానికి మాత్రం చాలా కాలం పట్టింది. పర్యావరణ సంస్థ 1989లో దాదాపు అన్ని ఆస్బెస్టాస్ వస్తువుల్నీ నిషేధిస్తే, అంతకన్నా తక్కువ భారం పడే మార్గం లేదని మీరు చూపలేదంటూ 1991లో ఒక అప్పీలు కోర్టు అందులో చాలా భాగం కొట్టేసింది. తెల్ల ఆస్బెస్టాస్ నిషేధం మళ్ళీ వచ్చింది 2024 మార్చిలో. బ్రిటన్ 1985లో నీలి, గోధుమ రంగు రకాల్ని ఆపి, తెల్లదాన్ని 1999 దాకా సాగనిచ్చింది.

ఇక మన సంగతి. కడప జిల్లా పులివెందుల దగ్గర తెల్ల ఆస్బెస్టాస్ నిక్షేపాలున్నాయి, ఒకప్పుడు తవ్వారు కూడా. కేంద్రం 1986లో కొత్త గనుల లీజులు ఇవ్వడం ఆపింది, తర్వాత పాతవి పొడిగించడమూ ఆపింది. కారణం కార్మికుల ఆరోగ్యమే. మంచి నిర్ణయమే. కానీ ఫ్యాక్టరీలు ఆగలేదు, రష్యా నుంచి, బ్రెజిల్ నుంచి, కజకిస్తాన్ నుంచి ఓడల్లో నార వస్తూనే ఉంది. ఇప్పుడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2017లో తమ దేశంలో వాడకం ఆపించింది, ఎగుమతి మాత్రం ఆ తర్వాత కూడా సాగింది. పులివెందులలో తవ్వితే ప్రమాదం, రేవులో దించుకుంటే కాదు అన్న తర్కం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

విదేశీ వేదికల మీద కూడా ఇదే ఊగిసలాట. ప్రమాదకర రసాయనాల వ్యాపారంలో, కొనే దేశానికి ముందుగా సమాచారం ఇచ్చి తీరాలనే రాటర్‌డామ్ ఒప్పందం ఉంది. అందులో తెల్ల ఆస్బెస్టాస్‌ని చేర్చడానికి 2011లో భారత్ ఒప్పుకుంది, ఆ సారి కెనడా అడ్డుకుంది. 2013కల్లా మనం అడ్డుకునేవాళ్ళ వైపు చేరిపోయాం. అది నిషేధం కూడా కాదు, సమాచారం ఇవ్వమనే నియమం. కెనడా మాత్రం ఈలోగా గనులు మూసుకుని 2018లో పూర్తి నిషేధం పెట్టేసుకుంది. మన సుప్రీంకోర్టు ముందుకి నిషేధం కోరుతూ వచ్చిన ఇంకో పిటిషన్ 2011 జనవరిలో కొట్టేశారు.

తెల్ల ఆస్బెస్టాస్‌ని జాగ్రత్తగా వాడితే ఏమీ కాదని పరిశ్రమ వాదన. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్పష్టంగా చెప్పినా ఆ వాదన సాగుతూనే ఉంది. దానికి జతగా వినిపించే మాట, మన దేశంలో జబ్బు పడ్డ దాఖలాలు అంతగా లేవు కదా అని. నాకు ఈ 'దాఖలాలు' అనే మాట దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. దాఖలా ఎక్కడి నుంచి వస్తుంది? రోచ్‌డేల్‌లో పర్మనెంట్ కార్మికుల రిజిస్టరు నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో యూనియన్ జాబితా నుంచి వచ్చింది. లండన్‌లో, 'మీరు ముప్పై ఏళ్ళ కింద ఏ వీధిలో ఉండేవారు' అని ఓపిగ్గా అడిగిన ఇద్దరు ఆడవాళ్ళ నుంచి వచ్చింది. మన దగ్గర బస్తాలు చింపేవాడు, పగిలిన రేకులు ఏరేవాడు లేబర్ కాంట్రాక్టరు మనిషైతే, అతని పేరు మేస్త్రీ జేబులోని నోటుపుస్తకంలో ఉంటుంది. నోటుపుస్తకం అయిపోతే కొత్తది కొంటారు. ఆయాసంతో ఆసుపత్రికి వెళ్తే మొదటి ప్రశ్న బీడీ తాగుతావా అని. రెండో ప్రశ్న టీబీ పరీక్ష చేయించావా అని. పాతికేళ్ళ వయసులో ఏం పని చేశావన్న ప్రశ్న దాకా ఎవరికి తీరిక?

జస్టిస్ రామస్వామి ధర్మాసనానికి ఈ సంగతి తెలుసనే నా నమ్మకం. అందుకే రికార్డుతో పాటు, అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేత కార్మికుల్ని మళ్ళీ పరీక్ష చేయించాలని, జబ్బు తేలినవాళ్ళకి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. అయితే లక్ష రూపాయలు అందాలంటే అక్కడ పనిచేసినట్టు ముందు తేలాలి కదా. పైగా ఫ్యాక్టరీల చట్టం గేటు దగ్గర ఆగిపోయేది. రేకుని ఇంటి మీద పరిచి, రంపంతో అంచు కోసి, బోల్టులకి బెజ్జాలు వేసే మనిషి ఆ చట్టంలో కార్మికుడే కాదు. మూతికి తువ్వాలు చుట్టుకుంటాడు, అంతే. కింద నిలబడి రేకులు అందించే ఇంటావిడకి అదీ ఉండదు.

ఆ తీర్పు వచ్చిన 1995లో, 20 ఏళ్ళ వయసులో పనిలో చేరిన కార్మికుడి ఫైలు ఎంత లేదన్నా 2035 దాకా ఉండాలి. అతనికి ఇప్పుడు యాభై దాటింది. ఆ ఫైల్లో మొదటి ఎక్స్‌రే ఉందో లేదో అతను వెళ్ళి అడగొచ్చు, కోర్టు చెప్పింది కాబట్టి. ఫ్యాక్టరీ ఇంకా అదే పేరుతో ఉంటే, అతను పర్మనెంటు కార్మికుడైతే.